భత్యం నాకు, భత్తా మా అప్పకి

వృద్ధాప్య పింఛన్లకు నేను బద్ధ వ్యతిరేకిని. ఈ మాట దాచుకోవలసిన అవసరం నాకు లేదు. ఉచితాల వల్ల దేశం మునిగిపోతోందని రోజూ పొద్దున్న ఆరున్నరకి, ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర, నేనూ మరో నలుగురు మిత్రులూ ఏకగ్రీవంగా తీర్మానిస్తూ ఉంటాం. మేం ఐదుగురమూ రిటైరైన ప్రభుత్వోద్యోగులమే. టీ డబ్బులు వంతులవారీగా పెన్షన్‌లోంచి ఇస్తాం.

ఇందులో ఏదో తిరకాసు ఉందని కుర్రాళ్ళు కొందరు నవ్వుతారు. వాళ్ళకి భాష రాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ మాటకీ మాటకీ తేడా తెలియకపోతే ఎలా? మాకు వచ్చేది పెన్షన్. ముసలివాళ్ళకి వచ్చేది పింఛను. పెన్షన్ అంటే హక్కు, పింఛను అంటే ఖర్చు. (మీరూ ముసలివాళ్ళే కదా అని అడక్కండి. మేం సీనియర్ సిటిజన్లం.)

హక్కు అని నేను ఊరికే అనడం లేదు. 1982 డిసెంబరు 17న, రిటైరైన ఉద్యోగి నకారా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదని. ఏటా డిసెంబరు 17ని మేం పెన్షనర్ల దినంగా జరుపుకుంటాం. ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటాం. ఉప్మా, జీడిపప్పు తగలకపోతే చిన్న గొడవ, ఆ తర్వాత తీర్మానాలు. పోయినసారి రెండు తీర్మానాలు పాసయ్యాయి. ఒకటి, మా బకాయిలు వెంటనే చెల్లించాలి. రెండు, ప్రభుత్వాలు ఉచిత పథకాలు తగ్గించుకోవాలి. రెండోది ప్రతిపాదించింది నేనే.

ఇంత స్పష్టమైన అభిప్రాయాలున్న నన్ను ఈ మధ్య ఇబ్బందిలో పెట్టింది మా ఇంటి ఆడపడుచులు.

నాకొక అప్ప (అంటే అక్క), ఒక చెల్లి. అప్పకి 74 ఏళ్ళు. ఆవిణ్ణి ఇక్కడే, పర్లాకిమిడికి ఆనుకుని ఉన్న పల్లెలో ఇచ్చారు. చెల్లిని ఏరు దాటించి పాతపట్నం వైపు ఇచ్చారు. ఇద్దరి ఇళ్ళకీ మధ్య మహేంద్రతనయ, ఆటోలో పావుగంట. సంబంధాలు చూసినప్పుడు మా నాన్న పొలం చూశాడు, అబ్బాయి పొడుగు చూశాడు, అత్తగారి నోరు గురించి వాకబు చేశాడు. ఏ రాష్ట్రమో చూడలేదు. పెద్ద పొరపాటు అదే.

ఎందుకంటే ఆంధ్రలో ఉన్న మా చెల్లికి నెలకు 4,000. ఒడిశాలో ఉన్న మా అప్పకి నెలకు 1,000. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, ఇద్దరికీ ఒకే రకం మోకాళ్ళ నొప్పి. ఇద్దరూ మాట్లాడేది తెలుగే. ఆ మాటకొస్తే ఇద్దరూ పాతపట్నంలో ఒకే మందుల షాపుకి వెళ్తారు. ఏడాదికి తేడా 36,000 రూపాయలు. నేను ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. ఈ లెక్కలో ఎక్కడ తప్పు జరిగిందా అని వెనక్కి వెళ్ళి చూశాను.

తప్పు 1936 ఏప్రిల్ 1 దగ్గర దొరికింది. ఆ రోజు ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి ఎస్టేటులో కొంత ఒడిశాలో కలిసింది, కొంత మద్రాసులో ఉండిపోయింది. గీత గీసినవాళ్ళు భాష చూశారు, జమీందారుగారి మొహం చూశారు, కొండలూ ఏళ్ళూ చూశారు. మా అప్ప అప్పటికి పుట్టలేదు కాబట్టి ఆవిడ మోకాళ్ళు చూసే అవకాశం వాళ్ళకి లేదు. తొంభై ఏళ్ళ కిందట దొరలు గీసిన గీత ఇవాళ మందుల చీటీ మీదకి దిగింది. చెల్లి పది మాత్రలూ కొంటుంది. అప్ప నాలుగు కొని, మిగతావి వచ్చే నెల అంటుంది.

డబ్బు సంగతి అటుంచండి, మర్యాద తేడా ఇంకా ఉంది. ఆంధ్రలో ఒకటో తారీకు తెల్లవారేసరికి సచివాలయం ఉద్యోగి గుమ్మం ముందు నిలబడతాడు. ఒకటో తారీకు సెలవైతే ముందురోజే వస్తాడు. "పళ్ళు తోముకోనియ్యరు అన్నియ్యా, ఫొటోకి నవ్వమంటారు" అని మా చెల్లి ఫిర్యాదు. ప్రభుత్వం ఇంటికొచ్చి డబ్బులిచ్చి నవ్వమనడం కూడా ఒక కష్టమేనని నేను ఒప్పుకున్నాను.

మా వైపు తారీకు పదిహేను. డబ్బు పడ్డాక మా అప్ప వెళ్ళి మిషను మీద వేలు పెట్టాలి. ఇక్కడ చిక్కొచ్చింది. చిన్నప్పుడే బడి మాన్పించేసరికి ఆవిడకి వేలు తప్ప సంతకం లేదు. ఆ వేలికేమో గీతలు లేవు. బావ పోయాక పదేళ్ళు పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టింది. జీడి సొన అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, చర్మాన్ని ఊరుకోనివ్వదు. బొటనవేలు నున్నగా, నల్లగా, చింతగింజలా ఉంటుంది. మిషను కుర్రాడు "ముసలమ్మా, ఇంకోసారి" అంటాడు. తుడుచుకుని పెడుతుంది. "గట్టిగా నొక్కు" అంటాడు. నొక్కుతుంది. ఉంగరం వేలు పెట్టమంటాడు. చిటికెన వేలు. ఆ మిషనుకి మా అప్ప ఎవరో తెలియదు. నవ్వమని మాత్రం ఎవరూ అడగరు, అంతవరకు నయం.

నేను ఆవిడకి టెక్నాలజీ మీద నమ్మకం పోగొట్టుకోవద్దని చెప్పాను. మన ఒడిశాలోనే, 2023లో, నువాపడా జిల్లాలో ఒక పంచాయతీ సర్పంచి నడవలేని ఒకాయనకి పింఛను డబ్బులు డ్రోన్‌తో పంపారు. ఆకాశంలోంచి నోట్లు దిగాయి. పురాణాల్లో పూలవాన కురిసేది, ఇది అంతకంటే పనికొచ్చే వాన. అదే ఏడాది నబరంగపూర్ జిల్లాలో డెబ్భై ఏళ్ళ ముసలామె విరిగిన ప్లాస్టిక్ కుర్చీని ఊతగా పట్టుకుని, ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా పింఛను కోసం బ్యాంకుకి నడిచిన వీడియో కూడా వచ్చింది. ఆవిడ వేలిముద్ర కూడా సరిగ్గా పడలేదట. డ్రోనుకీ కుర్చీకీ మధ్య మా అప్ప ఆటోలో వెళ్తోంది, షేరింగు ముప్ఫై రూపాయలు. అంటే మధ్యతరగతి కిందే లెక్క.

ఇక్కడ పింఛనుని ఒడియాలో భత్తా అంటారు. మా అప్పకీ అదే మాట అలవాటైపోయింది. "భత్తా పడిందేటిరా" అని అడుగుతుంది. నాకు ఏడాదికి రెండుసార్లు పెరిగేదాన్ని కరువు భత్యం అంటారు. భత్యం, భత్తా వినడానికి అక్కాతమ్ముళ్ళలా ఉంటాయి. కానీ భత్యం ధరలు చూసి పెరుగుతుంది, భత్తా ఎన్నికలు చూసి పెరుగుతుంది. బియ్యం రేటు పెరిగిందనుకోండి, మా ఇంట్లో కరువు వచ్చిందని ప్రభుత్వం గుర్తిస్తుంది. మా అప్ప ఇంట్లోకి ఆ కరువు రాదు. నలభై వేల చిల్లర వచ్చేవాడింటికి వచ్చే కరువు వెయ్యి రూపాయల ఇంటికి ఎందుకు రాదో నాకు మొదట్లో అర్థం కాలేదు. తర్వాత తట్టింది. అక్కడ తినడానికి ఏముందని వస్తుంది?

ఎన్నికలు చూసి పెరుగుతుందన్న మాట నిందగా అనలేదు, చరిత్ర అలాగే ఉంది. ఆంధ్రలో 200 ఉన్నది 2014 ఎన్నికల తర్వాత 1,000 అయింది. 2019 ఎన్నికలు దగ్గరపడగానే జనవరిలో 2,000. ఐదేళ్ళు మెట్టు మెట్టుగా ఎక్కి సరిగ్గా 2024 జనవరికి 3,000. ఎన్నికలయ్యాక జులైలో 4,000, మూడు నెలల తేడా కలిపి ఆ ఒక్క నెలా 7,000. మా చెల్లి ఆ నెల కొత్త దుప్పటి కొంది. ఒడిశాలో 2008లో ఒడియా నాయకుడు మధుబాబు (మధుసూదన్ దాస్) పేరుతో పింఛను పథకం మొదలైంది. అది పాకుతూ పాకుతూ 500 దాకా వచ్చి, 2024 ఎన్నికలకి ముందు ఒక్క గెంతుతో 1,000 అయింది. ముసలితనం ఏటా ముదురుతుంది, పింఛను ఐదేళ్ళకోసారి. ఈ రెండిటినీ కలపాలంటే ఏటా ఎన్నికలు పెట్టాలి. ఒకే దేశం ఒకే ఎన్నిక అంటున్న ఈ రోజుల్లో ముసలివాళ్ళ తరఫున ఈ ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఇంక కేంద్రం. కేంద్రాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను, ఎందుకంటే అది చలించదు. 1995లో జాతీయ పథకం మొదలుపెట్టినప్పుడు దాని వాటా 75 రూపాయలు. తర్వాత 200 అయింది. 2007లో ఇందిరాగాంధీ పేరు పెట్టినప్పుడూ 200, ఈ రోజూ 200. ఎనభై దాటితే 500. ఈ మధ్యలో ప్రధానులు మారారు, పార్టీలు మారాయి, నోట్లు రద్దయి రంగులు మారాయి, 200 మారలేదు. రోజుకి ఆరు రూపాయల అరవై ఏడు పైసలు. మా టీ కొట్టులో టీ పది రూపాయలు. అంటే భారత ప్రభుత్వం ఒక పేద వృద్ధుడికి ముప్ఫై ఆరు గంటలకి ఒక టీ ఇప్పిస్తోంది. మిగతా ముప్ఫై ఐదు గంటల యాభై నిమిషాలు అతను ఆ టీని తలుచుకుంటూ గడపవచ్చు.

అందరి విషయంలోనూ ఇంత నిబ్బరం చూపిస్తారనుకుంటే పొరపాటు. మాజీ ఎంపీల నెల పింఛను 25,000 నుంచి 31,000కి పెంచారు. 2025 మార్చిలో ఉత్తర్వు ఇచ్చి, 2023 ఏప్రిల్ నుంచే వర్తిస్తుందన్నారు. ఐదేళ్ళు దాటి చేసిన ప్రతి ఏడాదికీ నెలకి 2,500 చొప్పున అదనం. నేను దీన్ని సమర్థిస్తాను. పార్లమెంటులో కూర్చోవడం వల్ల వచ్చే నడుంనొప్పి జీడిపిక్కలు కొట్టేవాళ్ళకి రాదు.

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. దేశానికి ఇంత స్తోమత ఉందా? టీ కొట్టు దగ్గర మేం రోజూ అడిగే ప్రశ్న ఇదే. స్తోమత అన్న మాట రాజ్యాంగంలోనే ఉంది. 41వ అధికరణం వృద్ధాప్యంలో సాయం అందించమంటూనే, రాజ్యం తన ఆర్థిక స్తోమతకు లోబడి అందించమంది. ఆ ఒక్క మాటని పట్టుకుని మేం చాలా దూరం వెళ్ళాం.

2025 జనవరిలో నీతి ఆయోగ్ రాష్ట్రాల ఆర్థిక ఆరోగ్యం మీద ర్యాంకులిచ్చింది. పద్దెనిమిది పెద్ద రాష్ట్రాల్లో ఒడిశాది మొదటి ర్యాంకు. ఆంధ్రప్రదేశ్ కింద నుంచి రెండోది. మా మిత్రులు చప్పట్లు కొట్టారు. లెక్కల మాస్టారిగా నాకు మాత్రం చెమట పట్టింది. స్తోమత ఉన్న రాష్ట్రం వెయ్యి ఇస్తోంది, స్తోమత లేని రాష్ట్రం నాలుగు వేలు ఇస్తోంది. మా తరగతిలో ఎవరైనా ఇలాంటి గ్రాఫు గీస్తే తల మీద మొట్టికాయ వేసేవాణ్ణి. స్తోమత పెరిగేకొద్దీ పింఛను తగ్గుతుందన్న సూత్రం నిజమైతే, మా అప్ప బాగుపడాలంటే ఒడిశా దివాలా తీయాలి.

ఆంధ్ర వాళ్ళది అప్పు చేసి పప్పుకూడని మా టీ కొట్టు ఆర్థికవేత్త (రెవెన్యూలో చేసి రిటైరయ్యారు) తేల్చేశారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. అరవై లక్షల మందికి పైగా, నెలకి దాదాపు 2,700 కోట్లు. ఏడాదికి లెక్కేస్తే ఆ రాష్ట్ర బడ్జెట్‌లో పదో వంతు. ఇది చిన్న భారం కాదు. రేపు కట్టాల్సింది మనవలే. "మరి మీ కరువు భత్యం బకాయిలు ఎక్కడి నుంచి తెస్తారండీ?" అని టీ పోసే కుర్రాడు అడిగాడు. వాడికి చక్కెర తగ్గించమని చెప్పాం.

ఆ కుర్రాడే ఇంకో రోజు ఫోన్‌లో కేంద్ర బడ్జెట్ తీసి చూపించాడు. చదువుకున్నవాడు, ఉద్యోగం లేదు, అందుకే ఇలాంటివి చూస్తూ ఉంటాడు. 2025-26లో పేద వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, అందరికీ కలిపి కేంద్రం పెట్టింది 9,652 కోట్లు. కేంద్రం తన దగ్గర పనిచేసి రిటైరైనవాళ్ళ పింఛన్లకి పెట్టింది రెండున్నర లక్షల కోట్లకి పైనే. సైనికులు ఇందులో సగానికి పైగా ఉన్నారు, వాళ్ళ జోలికి నేను పోను. మిగిలినవాళ్ళ జోలికి కూడా పోను, వాళ్ళలో మా బావమరిది ఉన్నాడు. ఎంత మొత్తం ఉన్నా దాన్ని ఎవరూ ఉచితం అనరన్నది ఒక్కటే నేను గమనించిన విషయం. పాతిక రెట్లు పెద్దది హక్కు, చిన్నది భారం.

మా అబ్బాయి విశాఖలో ప్రైవేటు కంపెనీ. ఉద్యోగుల పింఛను పథకంలో 2014 నుంచి కనీస పింఛను 1,000 రూపాయలు. వాడి భవిష్యత్తు గురించి నాకు బెంగ లేదు, మేనత్తతో సమానంగా ఉంటాడు.

అప్పకి న్యాయం జరిగే దారి లేదా అంటే ఉంది. 2025 జనవరి నుంచి ఒడిశా ప్రభుత్వం ఎనభై నిండినవాళ్ళకి 3,500 ఇస్తోంది. ఈ వార్త మోసుకుని నేనే స్వయంగా ఆటో ఎక్కి వెళ్ళాను. "అప్పా, ఆరేళ్ళు ఓపిక పట్టావంటే చాలు" అన్నాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఎనబై ఏళ్ళు బతకాలంటే అందాకా తినాల కదరా తమ్ముడా" అంది.

ఇదే ఆవిడతో చిక్కు, దూరదృష్టి ఉండదు. ఈ ఆరేళ్ళూ నెలకి 2,500 చొప్పున ఆవిడ ఒక్కతే ఖజానాకి 1,80,000 ఆదా చేస్తోందని నోటితోనే లెక్కగట్టి చెప్పాను. మొదటి ర్యాంకు ఊరికే రాదు కదా. పోనీ చెల్లి ఇంటికి మకాం మార్చి, ఆధార్‌లో అడ్రసు మార్పించుకోమన్నాను. "మీ బావ కట్టిన గోడలు" అంది. గోడలకి పింఛను రాదని ఆవిడకి ఎవరు చెబుతారు?

ఇవన్నీ ఆలోచించి ఆలోచించి, దేశంలో నిజంగా న్యాయమైన పింఛను విధానం ఎక్కడుందో కనిపెట్టాను. కొటియాలో ఉంది. ఒడిశా వాళ్ళని అడిగితే కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు అంటారు. ఆంధ్ర వాళ్ళని అడిగితే పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలం అంటారు. ఇరవై ఒక్క కొండ ఊళ్ళు మావంటే మావని కొట్లాట. 1968లో సుప్రీంకోర్టుకెక్కారు, 2006లో కోర్టు దీన్ని పార్లమెంటే తేల్చాలంది, అందాకా ఉన్నది ఉన్నట్టు ఉండమంది. పార్లమెంటు ఇంకా తేల్చలేదు. తేల్చకపోవడమే అక్కడివాళ్ళ అదృష్టం. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, రెండు వైపుల నుంచీ పింఛన్లు అందుకునేవాళ్ళు కూడా ఉన్నారని పేపర్లు రాస్తూనే ఉంటాయి. 2021లో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెళ్ళింది. ఒకరు రోడ్డేస్తే ఇంకొకరు భవనం కడతారు. మిగతా దేశంలో ముసలివాడు ప్రభుత్వాన్ని వెతుక్కుంటూ వెళ్తాడు. కొటియాలో రెండు ప్రభుత్వాలు ముసలివాణ్ణి వెతుక్కుంటూ కొండెక్కుతాయి.

మొదట నాకు ఒళ్ళు మండింది, రెండు పింఛన్లేమిటని. తర్వాత కూడి చూశాను. అటు నాలుగు వేలు, ఇటు వెయ్యి. ఐదు వేలు. ఒక మనిషి మందులు, పప్పు, ఉప్పు, ఆటో ఖర్చులతో నెల గడపడానికి ఇంచుమించు అంతే పడుతుంది. ఏ కమిటీ వెయ్యకుండా, ఎవరూ ఉదారంగా ఆలోచించకుండా, కేవలం కొట్లాడుకోవడం వల్ల రెండు రాష్ట్రాలు కలిసి సరైన జవాబుకి చేరుకున్నాయి. లెక్కల్లో ఇలా జరుగుతుంది, రెండు తప్పులు చేసిన కుర్రాడికి కూడా ఒక్కోసారి జవాబు సరిపోతుంది.

అందుకని నా ప్రతిపాదన ఇది. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాలన్నిటినీ తక్షణం వివాదాస్పద ప్రాంతాలుగా ప్రకటించాలి. ఊళ్ళ కోసం, కొండల కోసం ఎలాగూ దావాలు వేస్తున్నారు, ఇక మీదట ముసలివాళ్ళ కోసం వెయ్యాలి. మా అప్ప మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టులో నలభై ఏళ్ళు వాదించుకోవాలి. మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచా తెలుగువాళ్ళు కూడా కావాలంటే చేరవచ్చు. వచ్చే డిసెంబరు 17న తీర్మానం పెడదామని మిత్రులతో అన్నాను. ఎజెండాలో జాగా లేదన్నారు. ఉప్మా కాంట్రాక్టు విషయం తేలాలి.

మొన్న పదిహేనున అప్ప మిషను దగ్గర పని చూసుకుని, మా ఇంటి మీదుగా వచ్చింది. ఐదోసారికి ఎడమచేతి చూపుడువేలు పడిందట, ఆ వేలిని మిగతావాటికంటే గౌరవంగా పైకెత్తి చూపించింది. అరుగు మీద కూర్చుని కొంగు ముడి విప్పింది. ఒక ఐదు వందల నోటు, విడదీసిన కొన్ని వందలు, చిల్లర. అందులోంచి యాభై రూపాయలు తీసి మా మనవరాలి గుప్పిట్లో పెట్టి మూసింది. వద్దంటే వినదు, ప్రతిసారీ ఇంతే. నన్ను చదివించడానికి ఆవిణ్ణి బడి మాన్పించి పశువులు కాయడానికి పంపిన రోజుల్లో కూడా, అమ్మ కట్టిన చద్దిలో సగం నాకు ఉంచేది.

లేచి బయల్దేరుతుంటే, ఆటోకి నేనిస్తాను అప్పా అందామని జేబులో చెయ్యి పెట్టాను. జనవరి కరువు భత్యం బకాయి ఇంకా పడలేదని గుర్తొచ్చి తీసేశాను.